తాలింపు ఘాటుకు ఆరడుగుల గీత అడ్డమా?

కావలి నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. కరోనా రోజుల్లో వాళ్లింట్లో అన్నదమ్ముల మధ్య మొదలైన వాదన ఇంకా తెగలేదట. "లాక్‌డౌన్ తొందరపడి సడలించారు, అందుకే అంతమంది పోయారు" అంటారు ఈయన. "ఆ గీతలూ ఆ సున్నపు వలయాలూ ఉత్తి తతంగం, అసలు పెట్టకుండా ఉండాల్సింది" అంటారు వాళ్ల అన్నయ్య. "సైన్సు ఎవరి వైపు ఉంది సార్?" అని అడిగారు.

అన్నదమ్ములిద్దరూ ఒకే ప్రశ్న మీద కొట్లాడుకుంటున్నారు: ఆంక్షలు ఎన్నాళ్లు ఉండాలి, ఎంత సడలించాలి? ఆ రోజుల్లో టీవీల్లోనూ టీ బంకుల దగ్గరా నడిచిన చర్చంతా ఇదే. ఏ చోట గాలి ఎలా కదులుతోంది అని అడిగినవాళ్లు చాలా తక్కువ. నా దృష్టిలో అసలు అడగాల్సింది అదే.

రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది నెల్లూరులోనే. 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థికి. మార్చి 25న దేశమంతా మూతపడింది. మే మొదట్లో కేంద్రం కేసుల తీవ్రతను బట్టి జిల్లాలకు రంగులు వేసినప్పుడు నెల్లూరు రెడ్ జోన్, ప్రకాశం ఆరెంజ్ జోన్. మే 4న మద్యం దుకాణాలు తెరిచారు, జూన్ 8 నుంచి గుళ్లు, హోటళ్లు, షాపింగ్ మాల్స్. వైరస్ అంటే ఏమిటి, ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటి అన్నవి అప్పటికే చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చేశాయి కాబట్టి వాటిని వదిలేసి నేరుగా వంటింట్లోకి వెళదాం.

కాగిన నూనెలో నాలుగు ఎండుమిరపకాయలు వేయండి. నూనె చిటపటమని చిందుతుంది. ఆ చుక్కలు పొయ్యి గట్టు మీద పడతాయి, మహా అయితే మన చేతి మీద పడతాయి. రెండడుగులు వెనక్కి జరిగితే ఒక్కటీ తగలదు. మిరపకాయ కాస్త మాడిందా, ఘాటు లేస్తుంది. మిరపలోని కాప్సైసిన్ కంటికి కనిపించని నూనె తుంపరల మీద ఎక్కి బయల్దేరుతుంది. హాల్లో పేపరు చదువుతున్న తాతయ్య దగ్గుతారు, పడగ్గదిలో పసిపిల్ల తుమ్ముతుంది. పొయ్యికీ తాతయ్యకీ మధ్య ఆరడుగులు కాదు, ఇరవై అడుగులు ఉన్నా అంతే.

మనిషి నోరు కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. దగ్గినా, గట్టిగా మాట్లాడినా పెద్ద తుంపరలు చిందుతాయి, సన్నటి తుంపరలు లేస్తాయి. చిందేవాటికి దూరం మంచి మందు. లేచేవాటికి మాత్రం దూరం సగం మందే.

ఏది చిందుతుంది, ఏది తేలుతుంది అన్నది పరిమాణం తేలుస్తుంది. ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్సులో స్టోక్స్ నియమం ఉంది. ఆముదంలో గోళీ మునిగే బొమ్మ గీయించి, చరమవేగం (పడే వస్తువు చివరికి నిలకడగా అందుకునే వేగం) సూత్రం బట్టీ పట్టించి మార్కులు వేసేస్తాం. అదే సూత్రం నీ ఊపిరికీ వర్తిస్తుంది అని పిల్లలకు ఒక్క మాట చెప్పం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. గాల్లో తుంపర పడే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే తుంపర పదో వంతు చిన్నదైతే, పడే వేగం నూరో వంతుకు తగ్గుతుంది. ఐదడుగుల ఎత్తున్న నోటి నుంచి 100 మైక్రాన్ల తుంపర, అంటే మిల్లీమీటరులో పదో వంతు, ఐదారు సెకన్లలో నేల చేరుతుంది. 10 మైక్రాన్లదానికి 8 నిమిషాలు పడుతుంది. 5 మైక్రాన్లదానికి అరగంట పైనే. 1 మైక్రాన్‌ది కదలని గాలిలో 12 గంటలకు పైగా తేలుతుంది, కదిలే గాలిలోనైతే అసలు పడనట్టే. పైగా తుంపర దారిలోనే ఆరిపోతూ చిన్నదవుతుంది. నెల్లూరు సముద్రపు ఉక్కలో కాస్త నిదానంగా, రోహిణి కార్తె వడగాలిలో చకచకా.

ఇదంతా 2020లో కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో విలియం వెల్స్ అనే శాస్త్రవేత్త 1934లోనే ఈ లెక్క వేశాడు. 100 మైక్రాన్లకు పైవి నేలకు పడిపోతాయి, లోపువి ఆరిపోయి గాల్లో ఉండిపోతాయి అన్నాడు. తర్వాత క్షయ పరిశోధనలో ఇంకో అంకె వచ్చింది. క్షయ క్రిమి ఊపిరితిత్తుల అడుగు దాకా చేరాలంటే తుంపర 5 మైక్రాన్ల లోపు ఉండాలి. ఏది గాల్లో తేలుతుంది అన్నదానికి 100, ఏది ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది అన్నదానికి 5. కాలక్రమంలో ఈ రెండూ కలగలిసిపోయి, 5 మైక్రాన్లు దాటినదంతా ఆరడుగుల్లోపే పడిపోతుంది అని వైద్య పుస్తకాల్లో స్థిరపడింది. వ్యాసంలో ఇరవై రెట్ల తేడా, పడే వేగంలో నాలుగు వందల రెట్ల తేడా! 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని సోషల్ మీడియాలో గట్టిగా ప్రకటించింది. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి బహిరంగ లేఖ రాస్తే గానీ చర్చ కదల్లేదు. మన ఊళ్లలో గీసిన వలయాల వెనక ఇంత కథ ఉంది.

ఘాటు దగ్గరికే మళ్లీ వద్దాం, అది ఇంకా చాలా చెబుతుంది. పొయ్యి పక్కనే నిలబడ్డవాళ్లకు చుక్కలూ తగులుతాయి, ఘాటూ అందరికంటే చిక్కగా తగులుతుంది. కాబట్టి దూరం వల్ల లాభం ఉంది, ఆ విషయంలో కావలి తమ్ముడిదే రైటు. బాణలి మీద మూత పెడితే ఘాటు పుట్టిన చోటే చాలావరకు ఆగుతుంది. మాస్కు చేసే పని అదే, అందుకే జబ్బున్నవాడు పెట్టుకుంటే ఎక్కువ ఫలితం. కిటికీ తీసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పది నిమిషాల్లో ఇల్లు తేలికపడుతుంది. తలుపులన్నీ మూసి ఏసీ వేశామా, ఉన్న ఘాటునే చల్లబరిచి మళ్లీ మన ముక్కుకే అందిస్తుంది. అదే వంట పెళ్లివారి వాకిట్లో పెద్ద గాడిపొయ్యి మీద వండితే వంటవాడికి తప్ప ఇంకెవరికీ దగ్గు రాదు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. ఘాటు దగ్గించి మరీ మనల్ని లేపుతుంది. వైరస్‌కు వాసన లేదు, మంట లేదు, అది ఎదుటివాడికి లక్షణాలు బయటపడక రెండు రోజుల ముందే అతని ఊపిరిలో ఉండొచ్చు.

ఇప్పుడు కాస్త లెక్క చేద్దాం, ఓపిక పట్టండి. వెల్స్ ఆలోచనను అతని శిష్యుడు రైలీ ముందుకు తీసుకెళ్లాడు. 1950ల చివర్లో బాల్టిమోర్‌లో క్షయ వార్డు గాలిని గొట్టాల ద్వారా మేడ మీది గినీ పందులకు పంపాడు. రోగిని చూడను కూడా చూడని ఆ జీవాలకు క్షయ వచ్చింది. అదే గాలికి అతినీలలోహిత కాంతి తగిలించి పంపితే రాలేదు. గదిలో గాలి ద్వారా జబ్బు అంటుకునే ప్రమాదాన్ని లెక్కగట్టే సమీకరణానికి, 1978లో ఒక బడిలో తట్టు వ్యాపించిన తీరు మీద వేసిన లెక్కతో, వెల్స్-రైలీ అన్న పేరు స్థిరపడింది. నూరుమందిలో 63 మందికి జబ్బు అంటించేంత మోతాదును ఒక క్వాంటం అంటారు. గదిలోని రోగుల సంఖ్యను, ఒక్కొక్కరు గంటకు వదిలే క్వాంటాలతో, మనం గంటకు పీల్చే గాలితో, మనం గడిపిన గంటలతో గుణించాలి. వచ్చినదాన్ని గదిలోకి గంటకు వచ్చే తాజా గాలితో భాగించాలి. ఆ ఫలితం చిన్నదైతే దాదాపు అదే ప్రమాదం, పెద్దదైతే ఘాతాంకం (ఎక్స్‌పొనెన్షియల్) లెక్క వేయాలి.

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న ఒక బట్టల కొట్టు ఉందనుకుందాం. గది గాలి సుమారు 57 ఘనమీటర్లు. యజమానికే జబ్బు ఉంది, గంటకు 20 క్వాంటాలు వదులుతున్నాడు అనుకుందాం. మనం గంటకు అర ఘనమీటరు గాలి పీలుస్తాం. అద్దం తలుపు వేసి, ఏసీ పెట్టి, గది గాలి రెండు గంటలకు ఒకసారి మాత్రమే మారితే, గంటసేపు చీరలు చూసినవాళ్లకు ప్రమాదం 30 శాతం. తలుపులు బార్లా తీసి, వెనక ఫ్యాన్ పెట్టి గాలి గంటకు ఆరుసార్లు మారేలా చేస్తే 3 శాతం. మూసిన కొట్టులోనే పది నిమిషాల్లో బేరం తెంచుకుని వస్తే 6 శాతం లోపే. గంట ఉన్నా ఇద్దరికీ సగం ఆపే మాస్కులుంటే 9 శాతం లోపు. 20 క్వాంటాలు నేను అనుకున్న అంకె, అది మారితే శాతాలు మారతాయి. వాటి మధ్య తేడా మాత్రం ఇలాగే పెద్దగా ఉంటుంది. ఒకటి గమనించారా, ఈ లెక్కలో ఆరడుగులు అన్న అంకె ఎక్కడా లేదు. మూసిన గదిలో గాలి కలిసిపోయాక ఏ మూల కూర్చున్నా ఒకటే.

చైనాలోని గ్వాంగ్‌జౌలో 2020 జనవరి 24న ఒక రెస్టారెంట్లో మధ్యాహ్న భోజనానికి కూర్చున్న మూడు కుటుంబాల్లో పదిమందికి జబ్బు తేలింది. టేబుళ్ల మధ్య మీటరు దూరం ఉంది. కిటికీలు లేవు, ఒకే ఏసీ గాలి ఆ మూడు టేబుళ్ల మీదే తిరుగుతోంది. బయటి గాలి దాదాపు రావడం లేదని తర్వాత కొలిచి తేల్చారు.

ఈ కళ్లతో మన సడలింపులను చూస్తే మంచిచెడ్డలు వేరేగా కనిపిస్తాయి. రైతు బజార్లను విడదీసి మైదానాల్లోకి మార్చడం అప్పటి నిర్ణయాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది. వీధుల్లో బ్లీచింగ్ చల్లడం, మనుషుల మీద రసాయనం కొట్టే సొరంగాలు పెట్టడం అనవసరం. మనుషుల మీద పిచికారీ వద్దని కేంద్ర ఆరోగ్యశాఖే 2020 ఏప్రిల్‌లో చెప్పింది. 2021 మే 5 నుంచి కర్ఫ్యూ పెట్టి కొట్లను ఉదయం 6 నుంచి 12 దాకే ఉంచారు. సాయంత్రం ఫంక్షన్లు, కూడికలు ఆగాయి, అది లాభం. కానీ రోజంతా విడివిడిగా రావాల్సిన జనం ఆరు గంటల్లోకి వచ్చి పడ్డారు. కిరాణా కొట్ల వరకైనా వేళలు పెంచి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

అదే నెలలో కృష్ణపట్నం మందు, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని పంచిన ఆకుమందు. ఆ ఆకుమందు పనిచేస్తుందా లేదా అన్న చర్చలో రాష్ట్రమంతా మునిగిపోయింది. నేను మాత్రం టీవీలో ఆ వరుసనే చూశాను. ఆరుబయలే, సముద్రపు గాలే, కానీ భుజం భుజం రాసుకుంటూ గంటల తరబడి. పై సమీకరణంలో రోగుల సంఖ్య అన్న అంకె ఒకటుంది కదా. మామూలు సంతలో అది సున్నానో ఒకటో. ఇక్కడ చాలామంది జబ్బుతోనే, కొందరు అంబులెన్సుల్లో ఆక్సిజన్‌తోనే వచ్చారు. వాళ్లకు తోడుగా వచ్చినవాళ్లు ఆరోగ్యవంతులు. ఆసుపత్రుల్లో మంచాలు దొరకని రోజులవి, వచ్చినవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. మూఢనమ్మకం అని కొట్టిపారేసే బదులు ఆ వరుసను పల్చన చేసి, మందును ఊళ్లకే పంపమని మొదటిరోజే చెప్పి ఉండాల్సింది.

అన్నయ్య గారి వైపు కూడా బలమైన మాట ఉంది. ఆంక్షకు ఖరీదు ఉంటుంది. చెరువులో పట్టుబడికి వచ్చిన రొయ్య లాక్‌డౌన్ ముగిసేదాకా ఆగదు. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో కేసులు పెరిగి మద్యం దుకాణాలు మూతపడినప్పుడు, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లు కూడా ఈ మహమ్మారి లెక్కలోకి రావాల్సినవాళ్లే. అందుకే ఫలితం ఇవ్వని ఆంక్షను ఒక్కరోజు కూడా ఉంచకూడదు అంటాను. గాలి ఆడే చోట ముందు సడలించి, గాలి ఆడని చోటును చివరి దాకా ఆపి ఉంచితే అదే ఖర్చుతో ఎక్కువమంది మిగిలేవారు.

గాలి ఆడుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి? కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు చాలు. బయటి గాలిలో అది పది లక్షలకు 420 పాళ్లు. మన ఊపిరిలో దాదాపు 40,000. తరగతి గదిలో మీటరు 1,220 చూపితే, 800 పాళ్లు ఎక్కువ. అంటే అక్కడ పీల్చే ప్రతి యాభై శ్వాసల్లో ఒకటి పక్కవాళ్లు వదిలిందే. ఎదురెదురు కిటికీలున్న పాత సర్కారు బడుల్లో ఈ అంకె తక్కువగా ఉంటుంది, కిటికీలు మూసిన ఏసీ క్లాసుల్లో చకచకా పెరుగుతుంది. జిల్లాకు నాలుగు మీటర్లు కొని బడులు, ఫంక్షన్ హాళ్లు తిప్పితే సరిపోతుంది.

ఉత్తరం చివర్లో బస్సు గురించి అడిగారు: సీటు వదిలి సీటు కూర్చోబెట్టడం వల్ల ఏమైనా ఒరిగిందా అని. చైనాలోని నింగ్‌బోలో 2020 జనవరిలో గుడికి వెళ్లిన ఒక బస్సులో 68 మంది ఉన్నారు, ఒకరికి జబ్బు. రానూపోనూ 100 నిమిషాల ప్రయాణంలో ఇంకో 23 మందికి అంటింది. రోగికి దూరంగా కూర్చున్నవాళ్లూ తప్పించుకోలేదు. తెరుచుకునే కిటికీల పక్కన కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ తప్పించుకున్నారు. ఒంగోలు నుంచి కనిగిరి వెళ్లే పల్లెవెలుగులో అద్దాలన్నీ దించి ఉంటే, సీటు వదలడం వల్ల పక్కవాడి తుంపరలు తప్పుతాయి, మిగతాది గాలే చూసుకుంటుంది. రాత్రంతా హైదరాబాదు వెళ్లే ఏసీ బస్సులో సగం సీట్లు ఖాళీ పెడితే రోగి ఎక్కే అవకాశం సగమవుతుంది. ఎక్కాడంటే మాత్రం సీటు దూరం పెద్దగా కాపాడదు, బయటి గాలి లోపలికి రావాలి, మాస్కు ముక్కు మీద ఉండాలి. కారులో వెళ్లేవాళ్లు ఏసీ మీటల్లో కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం గుర్తును ఆపేసి, బయటి గాలి లోపలికి వచ్చే గుర్తు పెట్టుకోండి. వెనక అద్దం రెండంగుళాలు దించితే ఇంకా మేలు.