మోత తగ్గించే హెడ్‌ఫోన్లు, రెండు ఎత్తులు చెప్పే ఫోను

రాజమండ్రి

చిన్నూకీ, బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

డల్లాస్‌లో మీ మావయ్య దగ్గరికి వెళ్ళడానికి దోహా మీదుగా టికెట్లు ఖాయమయ్యాయని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దాంతోపాటు మీరిద్దరూ కలిసి రాసిచ్చిన కొనాల్సిన వస్తువుల జాబితా కూడా చదివి వినిపించింది. హెడ్‌ఫోన్లు, పెద్ద పవర్ బ్యాంకు, మెడ దిండు, పెట్టెలో వేసే ట్రాకర్, చేతిలో పట్టుకునే బుల్లి ఫ్యాను. ఖర్చు చూసి మీ అమ్మకు టెన్షన్. కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని కదా అని తీర్పు నా మీద పెట్టింది.

నేను చూసేది ఒక్కటే. విమానంలో మనల్ని ఇబ్బంది పెట్టేవి కొన్నే: మోత, పొడి గాలి, చెవులు పట్టేయడం, ఛార్జింగ్ అయిపోతుందన్న భయం, పెట్టె వస్తుందో రాదో అన్న బెంగ. ఒక వస్తువు వీటిలో దేన్ని తగ్గిస్తుందో మీరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది ఉత్త బరువు. ఫ్యానుని అలాగే కొట్టేశాను. చాలా విమానాల్లో సీటు పైన గాలి వచ్చే గొట్టం ఉంటుంది, తిప్పుకుంటే చాలు.

హెడ్‌ఫోన్లకు మాత్రం నూటికి నూరు మార్కులు. మామూలువి కాదు, బయటి మోతను తగ్గించేవి, నాయిస్ క్యాన్సలేషన్ అంటారే, అవి. విమానం ఎగురుతున్నంతసేపూ లోపల 80 డెసిబెల్స్‌కి అటూ ఇటూగా మోత ఉంటుంది. ఇంజన్ల హోరు కొంత, విమానం ఒంటిని రాసుకుంటూ పోయే గాలి హోరు కొంత. దోహా నుంచి డల్లాస్ దాకా అందులో కూర్చుంటే, ఏ పనీ చేయకుండానే దిగేసరికి నీరసం వచ్చేస్తుంది. పైగా సినిమాలో మాటలు వినబడటం లేదని వాల్యూమ్ పెంచుతారు. చెవులకు అది మరీ చెడ్డ.

అవి ఎలా పనిచేస్తాయో చెబుతాను. ఊగుతున్న ఉయ్యాలను ఆపాలంటే ఏం చేస్తారు? అది మీ వైపు వస్తున్నప్పుడు ఎదురుగా తోస్తారు. క్షణం తేడా వస్తే ఆగడానికి బదులు ఇంకా జోరుగా ఊగుతుంది. ఈ హెడ్‌ఫోన్లు శబ్దంతో చేసే పని కూడా అదే. వాటికి చిన్న చిన్న మైకులుంటాయి. బయటి శబ్దపు అల ఎప్పుడు లేస్తోందో, ఎప్పుడు పడుతోందో అవి వింటాయి. లోపలి సర్క్యూట్ వెంటనే సరిగ్గా దానికి తిరగేసిన అలను తయారుచేసి స్పీకర్‌లో వినిపిస్తుంది. ఒకటి పైకి లేచే చోట రెండోది కిందికి దిగుతుంది. రెండూ కలిసి మీ చెవి దగ్గర చాలావరకు ఏమీ మిగలదు.

ఇక్కడ ఒక లెక్క. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. హోరులో ఉండే 100 హెర్ట్జ్ శబ్దాన్ని, అంటే సెకనుకు వంద అలలు వచ్చేదాన్ని తీసుకుంటే ఒక్కో అల పొడవు 3.4 మీటర్లు. అదే 3,000 హెర్ట్జ్ సన్నటి శబ్దమైతే దాదాపు 11 సెంటీమీటర్లే. పొడవాటి అల తీరుబడిగా వస్తుంది కాబట్టి సర్క్యూట్ కొంచెం ఆలస్యం చేసినా పెద్ద తేడా రాదు. పొట్టి అల అంత వ్యవధి ఇవ్వదు. అందుకే ఇంజన్ హోరు ఇట్టే పోతుంది కానీ, వెనక సీట్లో చంటిపిల్ల ఏడిస్తే మాత్రం వినబడుతుంది. విసుక్కోకండి. ఆ పిల్లకి చెవి నొప్పి పుడుతోందేమో, ఆ సంగతి తర్వాత చెబుతాను.

శబ్దాన్ని శబ్దంతో చంపాలన్న ఆలోచన పాతదే. పాల్ లూగ్ అనే జర్మన్‌కు దీనిమీద 1936లో అమెరికా పేటెంట్ ఇచ్చింది. అప్పటి రేడియో వాల్వులతో అది కాగితం మీదే ఉండిపోయింది. దాన్ని మన చెవుల దాకా తెచ్చిన వాళ్ళలో ముఖ్యుడు అమర్ బోస్. వాళ్ళ నాన్న బెంగాల్‌లో స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసి, బ్రిటిష్ వాళ్ళ నుంచి తప్పించుకుని అమెరికా చేరిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమర్ ఇంకా స్కూలు పిల్లవాడు. ఫిలడెల్ఫియాలో ఇంటి ఖర్చులకు చేదోడుగా ఉంటుందని స్నేహితులను పోగుచేసి రేడియోలు, బొమ్మ రైళ్ళు బాగుచేసేవాడు. పెద్దయ్యాక ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు, స్పీకర్ల కంపెనీ పెట్టాడు. 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళుతుంటే విమానం వాళ్ళు కొత్తగా తెచ్చిన హెడ్‌ఫోన్లు ఇచ్చారు. అంతకుముందు విమానాల్లో ఇచ్చేవి డాక్టరు స్టెతస్కోపులా ఉత్త గొట్టాలే. ఆత్రంగా పెట్టుకుంటే హోరులో పాట సరిగ్గా వినబడలేదు. ఇంకొకరైతే తీసి పక్కన పెట్టేసేవారు. ఆయన కాగితం తీసి, ఆ హోరును ఎలా తీసేయవచ్చో లెక్కలు మొదలుపెట్టాడు. విమానం దిగేలోపే అది సాధ్యమేనని తేలింది.

తేలడం వేరు, తయారవడం వేరు. పైలట్ల కోసం మొదటి హెడ్‌సెట్ అమ్మకానికి రావడానికి 1989 దాకా పట్టింది. మధ్యలో, 1986 డిసెంబరులో, ఎక్కడా దిగకుండా, ఇంధనం నింపుకోకుండా వాయేజర్ అనే చిన్న విమానం తొమ్మిది రోజుల్లో భూమిని చుట్టి వచ్చింది. ఇరుకు గదిలో, ఇంజన్ పక్కన అన్ని రోజులుంటే వినికిడి పోతుందని అందరికీ భయం. దాన్ని నడిపిన డిక్ రుటాన్, జీనా యేగర్ అప్పటికింకా ప్రయోగ దశలోనే ఉన్న ఈ హెడ్‌సెట్లు పెట్టుకునే వెళ్ళారు. మనలాంటి ప్రయాణికుల కోసం 2000లో వచ్చాయి. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి, ధరలూ దిగాయి. మీ తలలకు సరిపోయేవి, చెవి చుట్టూ మెత్తగా మూసుకునేవి చూసి కొనమని మీ అమ్మకు చెప్పాను. సగం పని ఆ మెత్తే చేస్తుంది, ఎందుకంటే సన్నటి శబ్దాలను అడ్డుకునేది సర్క్యూట్ కాదు, అదే.

కొన్న తర్వాత ఒకటి గుర్తుంచుకోండి. సీటు ముందున్న తెరకు వైరు గుచ్చే కన్నమే ఉండవచ్చు. కొన్ని పాత సీట్లలో రెండు కన్నాలుంటాయి. మీ హెడ్‌ఫోన్ల డబ్బాలో వైరు ఉంటే ఇంట్లో వదిలేయకండి. వైరు లేనివైతే, ఆ కన్నంలో గుచ్చితే బ్లూటూత్‌గా పంపించే అగ్గిపెట్టెంత పరికరం దొరుకుతుంది.

చెవి నొప్పికి మాత్రం ఏ హెడ్‌ఫోనూ పనికిరాదు. అది శబ్దం వల్ల వచ్చేది కాదు, ఒత్తిడి వల్ల. పైకి వెళ్ళేకొద్దీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గుతుంది, దిగేటప్పుడు పెరుగుతుంది. చెవి లోపలి నుంచి గొంతులోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు అది తెరుచుకుని లోపలి ఒత్తిడినీ బయటి ఒత్తిడినీ సమానం చేస్తుంది. దిగడం మొదలవగానే నోట్లో చప్పరించే బిళ్ళ వేసుకోండి. నిద్రపోతున్నవాళ్ళని లేపండి. చంటిపిల్లలకి ఆ సంగతి తెలియదు, అందుకే ఏడుస్తారు. పాలు పట్టిస్తే సర్దుకుంటారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. దీనికి రూపాయి ఖర్చు లేదు. మీ అమ్మ ఐఫోన్‌లో బారోమీటర్ ఉంది, అంటే గాలి ఒత్తిడిని కొలిచే సాధనం. ఆ అంకె చూపించే ఉచిత యాప్ ఒకటి ముందే వేసి ఉంచండి. జీపీఎస్ కూడా ఉంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా అది పనిచేస్తుంది, ఎందుకంటే జీపీఎస్ ఏమీ పంపించదు, దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చేది వింటుందంతే. ఆకాశం కనబడాలి కాబట్టి ఫోనును కిటికీకి ఆనించి పట్టుకోవాలి. మీ ఇద్దరిలో కిటికీ సీటు ఎవరిదో మీరే తేల్చుకోండి, ఆ తగవులోకి నన్ను లాగకండి.

విమానం పైకి చేరి నిలకడగా పోతున్నప్పుడు ఆ రెండూ చూడండి. జీపీఎస్ మీరు 11 కిలోమీటర్ల ఎత్తులో, గంటకు 900 కిలోమీటర్ల వేగానికి అటూ ఇటూగా పోతున్నారంటుంది. బారోమీటర్ చెప్పే ఒత్తిడిని బట్టి ఎత్తు కడితే రెండు, రెండున్నర కిలోమీటర్లే వస్తుంది. ఒకే ఫోను, రెండు ఎత్తులు. ఏది అబద్ధం?

రెండూ నిజమే. విమానం 11 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ బయట చలి మైనస్ 55 డిగ్రీల దాకా ఉంటుంది, గాలి మనం బతకలేనంత పలచన. అందుకని లోపలికి గాలిని ఎక్కిస్తారు. పూర్తిగా నేల మీద ఉన్నంత ఎక్కించాలంటే విమానం ఒళ్ళు ఇంకా దళసరిగా, ఇంకా బరువుగా కట్టాలి. కాబట్టి 8,000 అడుగుల కొండ మీద ఎంత గాలి ఉంటుందో అంతతో సరిపెడతారు. అప్పుడు బారోమీటర్ 750 హెక్టోపాస్కల్స్ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క అది) దగ్గర చూపిస్తుంది. చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం కూడా అందుకే. పైన ఉండగా ఖాళీ నీళ్ళ సీసాకు మూత బిగించి పెట్టండి, దిగాక చూస్తే నలిగిపోయి ఉంటుంది.

మీ టికెట్ మీద విమానం రకం చూడండి. బోయింగ్ 787 గానీ ఎయిర్‌బస్ ఏ350 గానీ అయితే అదృష్టం. వాటి ఒంట్లో చాలా భాగం అల్యూమినియం కాదు, కార్బన్ నారతో చేసిన గట్టి పదార్థం. ఒత్తిడిని బాగా ఓర్చుకుంటుంది, తుప్పు భయం లేదు. అందుకని లోపలి ఎత్తును 6,000 అడుగుల దగ్గరే ఉంచగలరు, గాలిలో తేమ కూడా కాస్త ఎక్కువ ఉంచగలరు. అప్పుడు మీ బారోమీటర్ 810 దగ్గర ఆగాలి. 787లో అయితే కిటికీకి కిందికి లాగే తలుపు ఉండదు. బటన్ నొక్కితే అద్దమే మెల్లగా నీలంగా మారి చీకటి చేస్తుంది. రెండు పొరల మధ్య ఉన్న పదార్థం కరెంటు తగలగానే రంగు మారుస్తుంది. ఊరికే నొక్కుతూ కూర్చోకండి, పక్కవాళ్ళు నిద్రపోతారు.

మీరు అడిగిన 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొనడం లేదు. లెక్క మీరే చేయండి: బ్యాంకు మీద రాసి ఉండే ఎంఏహెచ్ అంకెని బ్యాటరీ వోల్టేజి 3.7తో గుణించి 1,000తో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 111. అడగకుండా తీసుకెళ్ళగలిగే హద్దు 100. మీకు 10,000ది చాలు, 37 వస్తుంది. అది చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టనే కూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే దాని వేడి దాన్నే ఇంకా మండిస్తుంది. మనుషుల మధ్య ఉంటే సిబ్బంది చూసి నీళ్ళు పోస్తారు, కింద సామాన్ల గదిలో ఎవరు చూస్తారు? పైగా ఇప్పుడు చాలా విమానాల్లో దాన్ని వాడనివ్వడం లేదు. సీటు దగ్గర యూఎస్‌బీ ఉంటే దానితోనే ఛార్జ్ చేసుకోండి.

ట్రాకర్ సరే, కొనండి. అయితే అందులో ఉపగ్రహాలతో మాట్లాడే సరంజామా ఏదీ లేదు. చుట్టుపక్కల ఉన్న ఎవరెవరి ఫోన్లకో అది బ్లూటూత్‌లో కేక వేస్తుంది, ఆ ఫోను తానున్న చోటును మీ అమ్మ ఫోనుకు చేరవేస్తుంది. జనం లేని చోట అది మూగదే. విమానాశ్రయంలో ఫోన్లకేం కొరత!

మెడ దిండు వద్దు. సగం సంచి అదే తింటుంది. నా పాత శాలువా చుట్టి మెడ కింద పెట్టుకోండి, చలేస్తే కప్పుకోండి. భోజనం చప్పగా ఉందని వంటవాళ్ళని తిట్టకండి, పొడి గాలిలో ముక్కు సరిగ్గా పనిచేయదు, పెద్ద మోతలో తీపి తక్కువగా తెలుస్తుంది. టమాటా కమ్మదనం మాత్రం తగ్గదు, అది ఉన్న కూర అడగండి. నీళ్ళు బాగా తాగండి.

బుజ్జీ, ఒత్తిడి అంకెలు రాసే పని నీది. శంషాబాద్‌లో ఎక్కే ముందు మొదలుపెట్టు. విమానాశ్రయం 2,000 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి 940 దగ్గర రావాలి. తర్వాత పైన, తర్వాత సముద్రం ఒడ్డున ఉన్న దోహాలో, మళ్ళీ పైన, చివరికి 600 అడుగుల ఎత్తున్న డల్లాస్‌లో. చిన్నూ, జీపీఎస్ వేగం నువ్వు రాయి, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కూడా. వచ్చేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది, ప్రయాణం గంటకు పైనే తగ్గుతుంది. అంకెలు వాట్సాప్‌లో పంపించండి. తాతయ్య అప్పుడే గ్రాఫ్ కాగితాలు కొనుక్కొచ్చి పెన్సిల్ చెక్కుకుంటున్నారు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ

తా.క.: మావయ్యకి ఇష్టమని మీ అమ్మ పెట్టెలో కురిడీలు పెట్టబోతే ఆపండి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. విమానాల వాళ్ళు దాన్ని ప్రమాదకరమైన సరుకుల జాబితాలో పెట్టారు.