ఆగిపోయిన కాలేజీ బేస్‌బాల్ జట్టును తక్కువ ఖర్చులో మళ్లీ నిలబెట్టాలంటే: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కాలేజీల ఖజానా బిగుసుకున్నప్పుడల్లా కోత పడే ఆటల్లో బేస్‌బాల్ ఒకటి. అయొవా స్టేట్ 2001లో తీసేసింది. వెర్మాంట్, నార్తర్న్ అయొవా 2009లో తీసేశాయి. కోవిడ్ వచ్చిన 2020లో ఫర్మన్, షికాగో స్టేట్ అదే దారి పట్టాయి. అలా పోయిన జట్టును వెనక్కి తేవాలని పూర్వ విద్యార్థులు కదిలినప్పుడు, అది కుదిరే పనేనా అని లెక్క కట్టే ఉద్యోగం నాది. ఇక్కడి చిన్న కాలేజీల అథ్లెటిక్ విభాగాల బడ్జెట్లు చూస్తుంటాను. ఈ మధ్య అలాంటి సమావేశాల్లో తెలుగు తల్లిదండ్రులు కూడా కనిపిస్తున్నారు. వాళ్ల పిల్లలు ఇక్కడే లిటిల్ లీగ్ నుంచి హైస్కూల్ దాకా ఆడినవాళ్లు. "మేం ఎంత వేసుకుంటే జట్టు వస్తుంది?" అని నిజాయితీగా అడుగుతారు. వాళ్లకు చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ముందు స్టేడియం కావాలి, అసలు ఖర్చంతా అక్కడే.

స్టేడియం లేకుండా జట్టు నడుస్తుంది. బాయిసీ స్టేట్ 2020లో ఆటను తిరిగి తెచ్చినప్పుడు ఊళ్లో మైనర్ లీగ్ జట్టు ఆడే మెమోరియల్ స్టేడియాన్నే వాడుకుంది. ఒరెగాన్ యూనివర్సిటీ 1981లో ఆపేసిన జట్టును 2009లో తెచ్చి, కొత్తగా పీకే పార్క్ కట్టుకుంది. అంత అండ ఉన్న కాలేజీలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టే అన్నే ఉంటాయి. వాళ్లను చూసి మన లెక్క వేసుకోకూడదు.

కట్టడం ఒక్కసారి ఖర్చు. పైగా దాతలు ఇష్టంగా డబ్బిచ్చేది కట్టడాలకే, గోడ మీద పేరు ఉంటుంది కాబట్టి. జట్టును ముంచేది ఏటా వచ్చే ఖర్చు: కోచ్‌ల జీతాలు, వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్, బస్సులు, హోటళ్లు, తిండి, అంపైర్ల ఫీజులు, అథ్లెటిక్ ట్రైనర్, మైదానం సంరక్షణ. అసిస్టెంట్ కోచ్ జీతానికి ఎవరూ పేరు చెక్కించుకోరు. అందుకే దాతలతో మాట్లాడేటప్పుడు మొదటి రోజు నుంచే ఈ ఖర్చుల కోసం అడగాలని పట్టుబడతాను.

సిటీ పార్కు మైదానం తీసుకుంటే చవకే. కానీ ఒప్పందం రాసుకునేటప్పుడు కొన్ని సంగతులు ముందే తేల్చుకోవాలి. బేస్‌ల మధ్య 90 అడుగులు, పిచ్చర్ నిలబడే మౌండ్ నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు ఉండాలి. అమ్మాయిలు ఆడే సాఫ్ట్‌బాల్ కోసం వేసిన చిన్న మైదానం పనికిరాదు. మౌండ్‌ను ఎవరు సరిచేస్తారు, వాన పడితే టార్ప్ ఎవరు కప్పుతారు, హైస్కూల్ మ్యాచ్ అదే సాయంత్రం ఉంటే ఎవరికి ముందు హక్కు, లైట్ల కరెంటు బిల్లు ఎవరిది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. నోటిమాట మీద నడిచిన చోట మార్చి నెల వచ్చేసరికి గొడవ మొదలవుతుంది. కాలేజీ ఆవరణలో సొంతంగా ఉండి తీరాల్సినవి రెండే: బ్యాటింగ్ కేజ్, పిచ్చర్లు విసురుకోవడానికి బుల్‌పెన్. రోజూ సాధన జరిగేది అక్కడే. క్లాసుకీ క్లాసుకీ మధ్య దొరికే గంటలో కుర్రాళ్లు ఊరి చివరి పార్కుకు వెళ్లి రాలేరు.

అపోహ: బ్యాట్లు, బంతులు, యూనిఫాంలకే బోలెడు అవుతుంది.

కాదు. కాలేజీ ఆటలో మెటల్ బ్యాట్లు వాడతారు, మంచిది ఒక్కోటి 300 నుంచి 500 డాలర్లు ఉంటుంది. క్యాచర్ సామగ్రి, బంతులు, రెండు జతల యూనిఫాంలు కలిపినా మొత్తం బడ్జెట్లో అది చిన్న ముక్క. ప్రయాణమే బరువు. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్ జట్టు సీజన్‌కు 56 మ్యాచ్‌ల దాకా ఆడొచ్చు, కింది స్థాయి డివిజన్ త్రీ జట్టు 40. ఒహాయో, న్యూయార్క్ లాంటి చోట ఫిబ్రవరిలో మైదానం మీద మంచు ఉంటుంది. దాంతో ఉత్తరాది డివిజన్ వన్ జట్లు మొదటి నాలుగైదు వారాలు ఫ్లోరిడాకో కరోలినాలకో వెళ్లి ఆడతాయి. ఖర్చు తగ్గించాలంటే మొదటి కోత అక్కడ పెట్టండి. విమానం ఎక్కకుండా బస్సులో వెళ్లగలిగినంత దూరంలోనే షెడ్యూల్ వేసుకుని, వసంత సెలవుల్లో ఒక్కసారి దక్షిణానికి వెళ్తే చాలు. గెలుపోటముల రికార్డు మొదటి రెండేళ్లు ఎలాగూ బాగుండదు. దాని కోసం విమాన టికెట్లు కొనకండి.

అపోహ: టైటిల్ నైన్ చట్టం వల్లే బేస్‌బాల్ పోయింది. ఒక అమ్మాయిల జట్టు కలిపితే ఆ అడ్డు తొలగిపోతుంది.

ఇందులో రెండు పొరపాట్లున్నాయి. ముందు మొదటిది. చదువులో ఆడామగా వివక్ష ఉండకూడదని 1972లో వచ్చిన చట్టం టైటిల్ నైన్. ఫలానా ఆట తీసేయమని అది ఎక్కడా చెప్పలేదు. ఆటల విషయంలో కాలేజీ మూడు దారుల్లో ఏదో ఒకటి చూపించాలి. విద్యార్థుల్లో అమ్మాయిలు ఎంత శాతమో క్రీడాకారుల్లోనూ దాదాపు అంతే ఉండటం ఒకటి. అమ్మాయిల ఆటలను వరుసగా పెంచుకుంటూ వస్తున్నామని చూపడం రెండు. అమ్మాయిల ఆసక్తికి తగినన్ని అవకాశాలు ఇప్పటికే ఉన్నాయని నిరూపించడం మూడు. డబ్బు పెట్టి అమ్మాయిల ఆటలు పెంచడం ఇష్టం లేని కాలేజీలు అబ్బాయిల ఆట తీసేసి నిష్పత్తి సరిచేసుకుంటాయి. ప్రావిడెన్స్ కాలేజీ బేస్‌బాల్ జట్టు 1999లో తన ఆఖరి సీజన్లో తమ లీగ్ బిగ్ ఈస్ట్ టోర్నమెంట్ గెలిచి మరీ మూతపడింది. ఆ నిర్ణయం కాలేజీది. నింద మాత్రం అమ్మాయిల మీద పడింది. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో పొరపాటు లెక్కలో ఉంది. ఒక ఉదాహరణ వేసుకుందాం. కాలేజీలో 58 శాతం అమ్మాయిలు, క్రీడాకారులు 300 మంది, వాళ్లలో సగం అమ్మాయిలు. నిష్పత్తి దారిలో వెళ్లాలంటే ఇప్పటికే 57 మంది అమ్మాయిలు తక్కువ. ఇప్పుడు 38 మందితో బేస్‌బాల్ జట్టు పెడితే ఆ లోటు 110కి చేరుతుంది. అంటే 38 మంది అబ్బాయిలను చేర్చినందుకు అదనంగా 53 మంది అమ్మాయిలకు చోటు కల్పించాలి. ఇరవై చిల్లర మంది ఉండే ఒక్క సాఫ్ట్‌బాల్ జట్టు దీన్ని పూడ్చదు. పైగా సాఫ్ట్‌బాల్ చాలా కాలేజీల్లో ఇప్పటికే ఉంటుంది.

అందుకే బేస్‌బాల్ బడ్జెట్ అని విడిగా ఒకటి నేను వేయను. బేస్‌బాల్, దాంతో పాటు రావాల్సిన అమ్మాయిల ఆటలు, అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. ఏక్రన్ యూనివర్సిటీ 2015లో తీసేసిన బేస్‌బాల్‌ను తిరిగి తెచ్చినప్పుడు మహిళల లక్రాస్‌ను కూడా మొదలుపెట్టింది. ఒరెగాన్ అమ్మాయిల కోసం కాంపిటిటివ్ చీర్ జట్టు పెట్టింది, అబ్బాయిల రెజ్లింగ్‌ను తీసేసింది. బాయిసీ స్టేట్ కూడా 2017లో రెజ్లింగ్ తీసేసే బేస్‌బాల్ ప్రకటించింది. ఒక ఆట పిల్లల నోటి దగ్గర కూడు లాగి ఇంకో ఆట పిల్లలకు పెట్టడాన్ని పునరుద్ధరణ అనడానికి నాకు మనసొప్పదు.

అపోహ: పూర్తి స్కాలర్‌షిప్‌లు ఇవ్వకపోతే కుర్రాళ్లు రారు.

బేస్‌బాల్‌లో పూర్తి స్కాలర్‌షిప్ ఎప్పుడూ అరుదే. చాలా ఏళ్లు డివిజన్ వన్ జట్టు మొత్తానికి గరిష్ఠ పరిమితి 11.7 స్కాలర్‌షిప్‌లు. వాటిని 27 మంది దాకా ముక్కలు చేసి పంచేవారు. 2025-26 నుంచి హౌస్ సెటిల్‌మెంట్‌లో (క్రీడాకారులకు కాలేజీలు నేరుగా డబ్బివ్వొచ్చన్న కోర్టు ఒప్పందం) చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 34 మందే ఉండాలన్న నిబంధన వచ్చింది. డబ్బున్నవాళ్లు ఇప్పుడు 34 మందికీ ఇవ్వొచ్చు. ఇచ్చి తీరాలని మాత్రం లేదు. డివిజన్ త్రీలో క్రీడా స్కాలర్‌షిప్ అన్నదే ఉండదు, అయినా అక్కడ వందల జట్లు ఆడుతున్నాయి. జట్టులో చోటు, ఆడే అవకాశం, మంచి డిగ్రీ దొరికితే వచ్చే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. మన పిల్లల తల్లిదండ్రులకు కూడా ఈ మాట చెబుతుంటాను. బేస్‌బాల్ స్కాలర్‌షిప్ మీద ఫీజు లెక్కలు వేసుకోవద్దు, మెరిట్ సాయం ఎంతొస్తుందో ముందు చూడండి.

అపోహ: జట్టు వస్తే అడ్మిషన్లు పెరుగుతాయి, దాని ఖర్చు అదే రాబట్టుకుంటుంది.

ఇది సగం నిజం, అందుకే ప్రమాదకరం. ఫీజుల మీద బతికే చిన్న ప్రైవేటు కాలేజీలో 35 మంది ఆటగాళ్లంటే 35 మంది ఫీజు కట్టే విద్యార్థులు. కాలేజీ బయటికి చెప్పే ఫీజును నమ్మి లెక్క వేస్తే దెబ్బతింటాం. ఆ ఫీజులో సగానికి పైగా రాయితీల కింద పోవడం ప్రైవేటు కాలేజీల్లో మామూలే. రాయితీ పోగా ఒక్కొక్కరి నుంచి 15,000 డాలర్లు మిగులుతుందనుకుందాం. 35 మందికి 5,25,000 డాలర్లు. చూడ్డానికి బాగుంది. కానీ ఆ 35 మందిలో జట్టు లేకపోయినా ఈ కాలేజీకే వచ్చేవాళ్లు పది మంది ఉంటే, జట్టు తెచ్చిన ఆదాయం 3,75,000 మాత్రమే. హాస్టల్ గదులు ఖాళీగా ఉన్నాయా, కొత్త సెక్షన్లు పెట్టి అధ్యాపకులను తీసుకోవాలా అన్నదీ ఇందులోంచే తీయాలి. రెండో ఏడాదికి ఎంతమంది నిలుస్తారన్నది అన్నిటికంటే ముఖ్యం. ఆడే అవకాశం రాని ఫ్రెష్‌మన్ వేసవిలో ట్రాన్స్‌ఫర్ తీసుకుంటే ఆ ఫీజూ అతనితోనే పోతుంది.

సీట్లు ఎలాగూ నిండే పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీకి ఈ లెక్క అసలు వర్తించదు. అక్కడ బేస్‌బాల్ అచ్చంగా ఖర్చే. మునిగిపోతున్న కాలేజీని కూడా ఆట గట్టెక్కించలేదు. బర్మింగ్‌హామ్ సదర్న్ కాలేజీ 2024 మే 31న మూతపడింది. అదే రోజు దాని బేస్‌బాల్ జట్టు ఒహాయోలో డివిజన్ త్రీ వరల్డ్ సిరీస్ ఆడుతోంది. అంత గొప్పగా ఆడే జట్టు ఉన్నా కాలేజీ అప్పులు తీరలేదు.

అపోహ: ఒక్కసారి గట్టిగా విరాళాలు పోగుచేస్తే జట్టు నిలిచిపోతుంది.

విరాళాలు జట్టును బతికించిన మాట నిజం. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ 2010 సెప్టెంబరులో బేస్‌బాల్ తీసేస్తామంది. పూర్వ విద్యార్థులు సుమారు 90 లక్షల డాలర్లకు హామీలు తెచ్చారు. 2011 ఏప్రిల్‌లో జట్టును నిలబెట్టారు, జూన్‌లో ఆ జట్టే ఒమాహాలో కాలేజ్ వరల్డ్ సిరీస్ ఆడింది. బౌలింగ్ గ్రీన్ 2020 మేలో తీసేసిన జట్టును, మూడేళ్లకు 15 లక్షల డాలర్ల హామీ రావడంతో జూన్‌లోనే వెనక్కి తీసుకుంది. ఈ రెండు చోట్లా జట్టు ఇంకా చెదిరిపోలేదన్నది గుర్తుంచుకోవాలి. కోచ్‌లు, ఆటగాళ్లు, షెడ్యూలు ఉన్నాయి. ఏళ్లుగా లేని జట్టును తేవడం ఇంతకంటే చాలా కష్టం. బాయిసీ స్టేట్ సంగతే చూడండి. 1980లో పోయిన ఆటను 2020లో తెచ్చారు. 14 మ్యాచ్‌లయ్యాక కోవిడ్‌తో సీజన్ ఆగిపోయింది, జూలైలో జట్టునే తీసేశారు. పోయిన రెజ్లింగ్ కూడా రాలేదు.

హామీకీ నిధికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఏటా 2 లక్షల డాలర్లు శాశ్వతంగా రావాలంటే, 4 శాతం చొప్పున తీసుకున్నా 50 లక్షల డాలర్ల ఎండోమెంట్, అంటే అసలు కదపకుండా రాబడే వాడుకునే మూలనిధి, కావాలి. అంత లేనప్పుడు అయిదేళ్ల రాతపూర్వక హామీలు, కనీసం ఒక ఏడాది ఖర్చుకు సరిపడా నగదు నిల్వ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఈ రెండూ లేకపోతే ఇంకో ఏడాది ఆగమనే చెబుతాను. మనవాళ్లలో చాలామంది పనిచేసే కంపెనీలు ఉద్యోగి విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి. కానీ కొన్ని కంపెనీలు అథ్లెటిక్ విభాగానికి ఇచ్చేదానికి మ్యాచింగ్ ఇవ్వవు. చెక్కు రాసే ముందు హెచ్ఆర్‌ను అడగండి. సీజన్ టికెట్ల హక్కు కోసం ఇచ్చే విరాళానికి 2018 నుంచి పన్ను మినహాయింపు కూడా లేదు.

అపోహ: క్లబ్ జట్టు పెడితే అసలు జట్టు ఇక రాదు.

అలా ఏం లేదు. నేషనల్ క్లబ్ బేస్‌బాల్ అసోసియేషన్ 2000 నుంచి నడుస్తోంది. ఆటగాళ్లే చందాలు వేసుకుని ఆడతారు, కాలేజీకి పెద్దగా భారం ఉండదు. ఈ క్యాంపస్‌లో ఎంతమందికి ఆసక్తి ఉంది, మైదానం ఒప్పందం పనిచేస్తోందా అన్నది రెండేళ్ల క్లబ్ ఆటలో తేలిపోతుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఇదే సరైన మొదటి మెట్టు.

అపోహ: ప్రకటించిన మరుసటి సీజనే ఆడేయొచ్చు.

బాయిసీ 2017లో ప్రకటించి 2020లో ఆడింది. ఏక్రన్ 2018లో ప్రకటించి 2020లో ఆడింది. ఫిలడెల్ఫియాలోని లా సాల్ 2021 సీజన్ తర్వాత ఆగిపోయిన జట్టును తిరిగి తెస్తామని 2024లో చెప్పి, మొదటి సీజన్ 2026కు పెట్టుకుంది. ఏక్రన్ ఒకప్పటి సిన్సినాటి రెడ్స్ ఆటగాడు క్రిస్ సేబోను కోచ్‌గా తెచ్చింది. పేరున్న కోచ్ దొరికితే సంతోషమే. తక్కువ డబ్బుతో మొదలుపెట్టే కాలేజీకి మాత్రం వారానికి నాలుగు హైస్కూళ్లు కారేసుకుని తిరిగే కోచ్ కావాలి. అతను మొదటి మ్యాచ్‌కు కనీసం ఏడాదిన్నర ముందే చేరాలి, లేకపోతే మంచి పిల్లలందరూ అప్పటికే వేరే కాలేజీలకు మాటిచ్చేసి ఉంటారు. ఆ ఏడాదిన్నరలో ఒక్క మ్యాచ్ ఉండదు, ఒక్క ఆటగాడి ఫీజూ రాదు, జీతం మాత్రం ప్రతి నెలా వెళ్తుంది. నా దగ్గరికి వచ్చే ప్రతిపాదనల్లో ఎక్కువగా మరిచిపోయే ఖర్చు ఇదే. అథ్లెటిక్ డైరెక్టర్ దగ్గరికి కాగితం తీసుకెళ్లే ముందు ఆ జీతాన్ని, ఇన్సూరెన్స్‌తో సహా, మొదటి వరుసలో రాయండి.