చెన్నై పెరట్లో కోళ్ళ గూడు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చి చెన్నైలో స్థిరపడ్డ ఇళ్ళల్లో కాస్త పెరడుంటే చాలు, ముందు కరివేపాకు మొక్క, ఆ తర్వాత నాలుగు కోళ్ళు అన్న ఆలోచన వస్తుంది. చిక్కల్లా గూటి దగ్గరే. ఊళ్ళో చూసిన గూడు కళ్ళలో పెట్టుకుని ఇక్కడ కడతారు. ఊళ్ళో వాకిట్లో మంచం మీద మనిషి పడుకుంటాడు, కాళ్ళ దగ్గర కుక్క పడుకుంటుంది, నాలుగు వైపుల నుంచీ గాలి ఆడుతుంది. మాధవరంలోనో పళ్ళిక్కరణైలోనో ఇంటి చుట్టూ అయిదడుగుల ప్రహరీ, దాని పక్కనే కాలువ, కాలువ నిండా పందికొక్కులు. ఇక్కడ కోళ్ళు చలికి చావవు. గాలాడక చస్తాయి, జాలీ కన్నాలు పెద్దవై చస్తాయి. కింద రాసిన అపోహల్లో ముఖ్యమైనవి ఈ రెండింటి దగ్గరికే వస్తాయి.

అపోహ: షాపులో "కోడి జాలీ" అని అమ్మేదే కోళ్ళ గూటికి సరైన జాలీ.

వాస్తవం: ఆరు మూలల కన్నాలుండే ఆ పల్చటి జాలీ కోళ్ళను లోపల ఉంచుతుంది, బయటి జంతువును ఆపలేదు. సన్నటి తీగను మెలిపెట్టి అల్లినది కాబట్టి వీధికుక్క పళ్ళతో పట్టి రెండుసార్లు గుంజితే మెలికలు విడిపోతాయి. అంగుళం కన్నంలోంచి పిల్లి పంజా పెట్టి కోడిపిల్లను లాగేస్తుంది, పిల్ల ఎలుకలు నేరుగా దూరిపోతాయి.

అడగాల్సింది వెల్డ్ మెష్, అంటే అడ్డం నిలువు తీగలను కలిసే చోటల్లా వెల్డింగు చేసిన జాలీ. కన్నం అర అంగుళం, తీగ 19 గేజి లేదా అంతకంటే లావు. గేజి సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోవాలి: 16 గేజి అంటే 1.6 మిల్లీమీటర్లు, 19 గేజి అంటే 1 మిల్లీమీటరు. "22 గేజి ఇంకా గట్టిది" అని ఎవరైనా అంటే నమ్మకండి. చెన్నైలో ఇంకో సంగతి ఉప్పుగాలి. వెల్డింగు అయిన తర్వాత జింకు పూత పూసిన జాలీ తీసుకోండి. తీగలు కలిసే చోట పూత నిండుగా కప్పి ఉంటే అది మంచిది. అతుకుల దగ్గర కాలిన మచ్చలు కనబడితే పూత ముందు పూసి వెల్డింగు తర్వాత చేశారన్నమాట, తుప్పు అక్కడే మొదలవుతుంది.

బిగించడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. కాగితాలకు కొట్టే స్టేపుల్ పిన్నులు జాలీని ఆపలేవు. జాలీ అంచు మీద అంగుళంన్నర చెక్కపట్టీ పెట్టి, వాషరు వేసి, ఆరేసి అంగుళాలకు ఒక స్క్రూ బిగించాలి. రెండు ముక్కలు కలిసే చోట రెండు అంగుళాలు ఒకదానిమీద ఒకటి వచ్చేలా పెట్టి బైండింగు తీగతో కుట్టాలి. తలుపుకు పైన ఒక గడియ, కింద ఒక గడియ ఉండాలి. మధ్యలో ఒక్కటే ఉంటే కుక్క కింది మూలలో ముట్టె పెట్టి నెడుతుంది, తలుపు వంగి సందు ఏర్పడుతుంది. ఆ సందు చాలు.

అపోహ: రాత్రి తలుపు వేస్తే భయం లేదు.

వాస్తవం: ముంగిస పగటిపూట వేటాడే జంతువు. మధ్యాహ్నం అందరూ ఆఫీసులకు వెళ్ళాక, గూటి పక్కన కోళ్ళు తిరగడానికి కంచె వేసిన దొడ్డిలోకి దూరి ఒక్కదానితో ఆగకుండా దొరికినన్నిటి మెడలూ కొరికి పోతుంది. గద్దా పగటిదే, కాకి కూడా చిన్న పిల్లలను వదలదు. అందుకే దొడ్డికి పక్కలే కాదు, పైకప్పు కూడా జాలీతో మూయాలి. పైన నైలాన్ వల కడితే గద్ద ఆగుతుంది గానీ పునుగుపిల్లి కొరికేస్తుంది. నేల దగ్గర వల వేలాడితే పాములు అందులో చిక్కుకుని చస్తాయి.

నేల కింద నుంచి వచ్చేది పందికొక్కు. కంచెను అడుగు లోతు పాతిపెట్టమని చాలామంది చెబుతారు, అదీ పనిచేస్తుంది. కానీ తడి మట్టిలో జాలీ తొందరగా తుప్పు పడుతుంది, తవ్వకం కష్టం. దానికంటే, కంచె అడుగు నుంచి బయటి వైపుకు 18 అంగుళాల వెడల్పు జాలీని నేల మీద పరిచి, కంచెకు కుట్టి, రెండు అంగుళాల మట్టీ ఇటుక ముక్కలూ కప్పండి. పందికొక్కు కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, జాలీ తగులుతుంది, మళ్ళీ అక్కడే తవ్వుతుంది. అడుగున్నర వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు.

అపోహ: గూడు నాలుగు వైపులా మూసి వెచ్చగా ఉండాలి, లేకపోతే కోళ్ళకు జలుబు చేస్తుంది.

వాస్తవం: చెన్నైలో ఎక్కువ కోళ్ళను చంపే నమ్మకం ఇదే. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది, చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి వగర్చడం, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకోవడం, చల్లటి నేలకు పొట్ట ఆనించడం తప్ప దానికి వేరే దారి లేదు. ఈ నగరంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. అలాంటి రోజున మూసిన రేకు గూడు పొయ్యితో సమానం. చలికాలం రాత్రి ఇక్కడ 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పెద్ద కోడికి అది చలి కాదు, హాయి.

మూసిన గూట్లో ఇంకో చెడుపు రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా. అది కళ్ళను మండిస్తుంది, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. జలుబు అనుకునేది చాలాసార్లు ఈ ఘాటు వల్ల వచ్చిందే. మోకాళ్ళ మీద కూచుని, కోడి తల ఎత్తులో ముక్కు పెట్టి చూడండి. మీ కళ్ళు చెమర్చితే గూడు మార్చాలి.

ఎలా కట్టాలంటే: గూడూ దొడ్డీ కలిపిన పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి, అప్పుడు పొడవాటి పక్కల మీద ఎండ తక్కువ పడుతుంది. పడమటి గోడ పూర్తిగా మూయండి, సాయంత్రపు ఎండ అక్కడే కొడుతుంది. ఉత్తరం, దక్షిణం కింద అడుగున్నర గోడ, ఆపైన అంతా జాలీ. మధ్యాహ్నం తూర్పు, ఆగ్నేయం నుంచి వచ్చే సముద్రపు గాలిని ఇది లోపలికి తెస్తుంది. కప్పు పక్కలకు మూడడుగులు ముందుకు రావాలి. నడి ఎత్తు ఆరడుగులకు తగ్గకూడదు, మీరు నిలబడి ఊడవగలగాలి కదా. రేకు మీద తెల్లరంగు వేసి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొబ్బరాకు తడికలు విడిగా పరచండి. వానలకు ముందు తీసెయ్యండి, లేదంటే ఎలుకలు అందులోనే కాపురం పెడతాయి.

నీళ్ళు చిమ్మే ఫాగర్లు హైదరాబాదు ఎండలో బాగా పనిచేస్తాయి. చెన్నై గాలిలో తేమ ముందే ఎక్కువ కాబట్టి ఆ చెమ్మ ఆరదు, చల్లదనం రాదు, కింద ఊక తడుస్తుంది. ఇక్కడ నీడ, గాలి, మట్టిమూకుడులో చల్లటి నీళ్ళే మేలు. కోడి రోజుకు పావు లీటరు తాగుతుంది, ఎండల్లో అర లీటరు దాకా తాగుతుంది. మిట్టమధ్యాహ్నం దాణా పెట్టకండి, అరుగుదల కూడా వేడి పుట్టిస్తుంది. మే నెలలో గుడ్ల పెంకు పల్చబడితే వెంటనే ఆల్చిప్పల పొడి మీద పడకండి. వగర్చినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడు ఎక్కువగా బయటికి పోతుంది, పెంకు కట్టడానికి అది కావాలి. వేడి తగ్గితే పెంకు తిరిగి గట్టిపడుతుంది.

అపోహ: సిమెంటు నేల వేసి రోజూ కడిగితే జబ్బులు రావు.

వాస్తవం: సిమెంటు నేల మంచిదే, పందికొక్కు రాదు. రోజూ కడగడమే చెడ్డది. రక్తపారుడు తెచ్చే కాక్సిడియా అనే పరాన్నజీవి గుడ్లు తేమ, వెచ్చదనం ఉంటే ఒకటి రెండు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తాయి. కడిగిన నేల వాటికి అదే ఇస్తుంది. నేల మీద నాలుగు అంగుళాల మందాన వరి ఊక పరచి, రెండు మూడు రోజులకోసారి పారతో తిరగేయండి. గుప్పెడు ఊక పిండి వదిలితే విడిపోవాలి. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువ, ఆ మేరకు తీసి కొత్తది వేయండి. ఘాటు పోవడానికి సున్నం చల్లడం మాత్రం వద్దు, సున్నం తగిలితే రెట్టలోని అమ్మోనియా ఇంకా ఎక్కువ లేస్తుంది. నీళ్ళ గిన్నె గూట్లో కాకుండా దొడ్డిలో, ఇటుకల మీద పెడితే సగం తడి తగ్గుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ఈశాన్యం నుంచి జల్లు కొడుతుంది. ఉత్తరం పక్కకు తార్పాలిన్ పరదా కావాలి. దాని అడుగు అంచు గోడకు బిగించి, తాడుతో పైకి లాగేలా పెట్టాలి. పైన అడుగు జాగా ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడిగాలి అక్కడి నుంచి పోతుంది. పైనుంచి కిందికి దించే పరదా దీనికి సరిగ్గా వ్యతిరేకం. గూటి అరుగు కనీసం అడుగున్నర ఎత్తు ఉండాలి. 2015 డిసెంబరు వరదల్లో మీ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో పాత కాపురస్థులను అడిగి, దానికి పైన వేయండి. రేకులను మేకులతో కొట్టి వదిలేయకూడదు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను ఈ నగరంలో మహావృక్షాలనే పెకలించింది. జె-బోల్టులు (కొక్కెంలా వంగిన బోల్టులు), రబ్బరు వాషర్లు వేసి, నాలుగు మూలలా స్తంభానికి తీగతో కట్టండి.

ఆరు పెట్టలకు కొలతలు ఇవి. గూడు 4 × 6 అడుగులు, అంటే కోడికి 4 చదరపు అడుగులు. దాని తూర్పున 10 × 6 అడుగుల దొడ్డి, అంటే కోడికి 10. ఎత్తు అంతటా ఆరడుగులు అనుకుంటే దొడ్డి రెండు పొడుగు పక్కలకు 120 చదరపు అడుగుల జాలీ, తూర్పు కొసకు 36, పైకప్పుకు 60, కింది అడుగున్నర గోడ పోగా గూటి పక్కలకు 36, అలాగే గూటికీ దొడ్డికీ మధ్య 27, నేల మీద పరిచేందుకు 44. మొత్తం 323. నాలుగడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవుండే చుట్టలు రెండు తీసుకుంటే అతుకులకూ తలుపుకూ సరిపోతుంది. ఊక 8 ఘనపుటడుగులు, రెండు మూడు నిండు గోనెలు. స్తంభాలకు సరుగుడు బాదులు చవక, అయితే నేలలో పాతే భాగానికి తారు పూయకపోతే చెదలు తినేస్తుంది. జి.ఐ. పైపు (జింకు పూత ఇనుప పైపు) ఖరీదైనా సిమెంటులో పాతితే ఆ బెడద ఉండదు.

అపోహ: ఒక్కో పెట్టకు ఒక్కో గుడ్ల పెట్టె కావాలి.

వాస్తవం: అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న పెట్టె నలుగురికి ఒకటి చాలు. ఎన్ని పెట్టినా అందరూ ఒకదాని ముందే వరస కడతారు. ముందు నాలుగు అంగుళాల అడ్డుపలక, లోపల చీకటి ఉండాలి.

పడుకునే కర్ర మాత్రం పెట్టె కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే రాత్రి పెట్టెలోనే పడుకుని రెట్ట వేస్తాయి. గిరిరాజ లాంటి బరువైన కోళ్ళకు కర్ర రెండడుగుల ఎత్తు దాటకూడదు, పెట్టె ఇంకా కిందికి రావాలి. పైనుంచి దూకి దూకి అరికాలి పుండ్లు వస్తాయి. కోడికి 8 నుంచి 10 అంగుళాల జాగా, రెండు అంగుళాల వెడల్పు, గుండ్రం చేసిన అంచులు. వెదురు వద్దు, దాని బోలు కొసల్లో పిడుదులు పగలంతా దాక్కుని రాత్రి రక్తం పీలుస్తాయి. కర్రను మేకు కొట్టకుండా గాడిలో కూచోబెడితే నెలకోసారి తీసి ఎండలో వేయొచ్చు.

అపోహ: పుంజు లేకపోతే గుడ్లు రావు. వాస్తవం: వస్తాయి, పొదిగితే పిల్లలు కావు, అంతే. పక్కింటి గోడ ఆనుకుని ఉన్నచోట పుంజు వద్దు.

అపోహ: గంప కింద మూస్తే గూడు ఎందుకు?

వాస్తవం: పిల్లల తల్లిని పగలు గద్ద నుంచి కాపాడటానికి గంపను మించింది లేదు. రాత్రికి పనికిరాదు, కుక్క ముట్టెతో ఎత్తేస్తుంది.

అపోహ: గూడు కట్టగానే కోళ్ళు సాయంత్రం వాటంతట అవే లోపలికి వెళ్తాయి.

వాస్తవం: కొత్తగా తెచ్చినవి వెళ్ళవు, మామిడి కొమ్మ ఎక్కి కూచుంటాయి. మొదటి వారం రోజులు దొడ్డిలోకి వదలకుండా గూట్లోనే ఉంచండి. ఆ వారం మాత్రం నీళ్ళూ దాణా లోపలే పెట్టాలి. ఎనిమిదో రోజు పొద్దు కుంకడానికి గంట ముందు వదిలితే ఎక్కువ దూరం పోకుండా చీకటి పడగానే తిరిగొస్తాయి. రెండు మూడు రోజులు అలా చేశాక పొద్దున్నే తలుపు తీయొచ్చు. సాయంత్రం గడియ వేసే ముందు కర్ర మీద ఆరూ ఉన్నాయో లేదో టార్చి వేసి లెక్కపెట్టండి.