బడిలో తీవ్రమైన ఆహార అలర్జీ ఉన్న పిల్లలు: అపోహలు - వాస్తవాలు

నేను నల్లగొండలో చిన్నపిల్లల వైద్యురాలిని. జూన్‌లో బడులు తెరిచే ముందు తల్లిదండ్రులు ఎక్కువగా టీకాల కోసం, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వస్తారు. వారిలో కొందరు మాత్రం వేరే దిగులుతో వస్తారు. "మా బాబుకు పల్లీలు పడవు మేడం, ఒకసారి ఊపిరాడక ఆస్పత్రిల వేసినం, బడిల చెప్తే ఎవ్వరూ నమ్ముతలేరు" అని అంటారు. మరోవైపు ఉపాధ్యాయులతో, వంట చేసే అమ్మలతో, గురుకులాల వార్డెన్లతో మాట్లాడినప్పుడు వారిలో నిర్లక్ష్యం కన్నా తెలియకపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది. తినకూడనిది తిన్న తర్వాత ఏం చేయాలో తేల్చుకోలేక పెద్దవాళ్లు పోగొట్టే అరగంటే ఈ పిల్లలకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదమని నా అనుభవం. ఆ అరగంటను పోగొట్టే నమ్మకాలను ఇక్కడ ఒక్కొక్కటిగా చర్చిస్తున్నాను.

అపోహ: ఇది విదేశాల జబ్బు, మన పిల్లలకు ఇలాంటివి రావు.

మన దగ్గర ఇది తక్కువన్న మాట నిజమే, అసలు లేదన్న మాట నిజం కాదు. కర్ణాటకలో బడి పిల్లల మీద జరిగిన ఒక పెద్ద సర్వేలో ఆహార అలర్జీ ఉండే అవకాశం ఉన్నవారు 0.14 శాతంగా తేలారు, అంటే వెయ్యి మందిలో ఇద్దరి కన్నా తక్కువ. అయితే వేల మంది పిల్లలు చదివే మండలంలో ఆ లెక్కకే కొందరు తేలతారు. పసిపిల్లల్లో పాలు, గుడ్డు, కొంచెం పెద్ద పిల్లల్లో పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, గోధుమ, సోయా, చేపలు, రొయ్యలు ఇందుకు కారణమవుతుంటాయి. శనగపప్పు వంటి పప్పుధాన్యాలు పడని పిల్లలు కూడా మన దేశంలో ఉన్నారు. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, మధ్యాహ్న భోజనంలో గుడ్డు, హాస్టల్ కూరలో సోయాతో చేసే మీల్ మేకర్ పెట్టే మన వ్యవస్థలో, పిల్లలకు బలమిచ్చే తిండే వారిలో ఒకరికి ప్రమాదం కావచ్చని వడ్డించేవారికి తెలిసి ఉండాలి.

అపోహ: పల్లీలు ఏరేసి పెడితే చాలు, కొంచెం తగిలితే ఏమీ కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా వినే మాట ఇదే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో పల్లి పండిస్తారు, ఇంటింటా వండుతారు. పులిహోరలో, అటుకుల చుడువలో అది కంటికి కనిపిస్తుంది, కాని గుత్తివంకాయ కూరలో, మిర్చి సాలన్‌లో, సర్వపిండిలో, చట్నీలో, కూర చిక్కబడడానికి వేసే పొడిలో కనిపించదు. అలర్జీని కలిగించేది గింజలోని ప్రొటీన్. పులిహోరలోంచి గింజలు ఏరేసినా, వాటి పొట్టు, పొడి, అవి వేగిన నూనె అన్నానికి పట్టుకునే ఉంటాయి. తీవ్రమైన అలర్జీ ఉన్న కొందరు పిల్లలకు ఆ మాత్రం చాలు.

ఒకసారి ఒక బడి వంటగదిలో వడ్డన చూశాను. పల్లి చట్నీ గిన్నెలో పెట్టిన గరిటెనే పక్కనున్న సాంబారులో ముంచి, అదే చేత్తో తర్వాతి పళ్లెంలో పోశారు. చట్నీ వద్దని చెప్పిన పిల్లవాడి పళ్లెంలోకి చట్నీ ఆ దారిన వచ్చింది, ఎవరూ గమనించలేదు. అలాంటి చోట ఆ పిల్లవాడికి వేరే గరిటె, వేరే మూత గిన్నె పెట్టి, అందరికన్నా ముందు, చేతులు సబ్బుతో కడుక్కున్న తర్వాత వడ్డిస్తే సగం సమస్య తీరుతుంది. శానిటైజర్ క్రిములను చంపుతుంది గాని పల్లీ ప్రొటీన్‌ను చేతుల మీది నుంచి తొలగించదు. దానికి సబ్బు, నీళ్లు కావాలి, బల్ల మీదైతే తడి గుడ్డతో గట్టిగా తుడవాలి.

వేయిస్తే, ఉడికిస్తే గుణం పోతుందన్న నమ్మకం కూడా ఉంది. పల్లీలను వేయించినంత మాత్రాన వాటి అలర్జీ గుణం తగ్గదు. గుడ్డు, పాలు బాగా కాల్చిన కేకు, బిస్కెట్ల రూపంలో కొందరు పిల్లలకు పడతాయి, అయితే అది ఎవరికన్నది వైద్యుల పర్యవేక్షణలోనే తేలాలి. ఆవు పాలు పడకపోతే మేక పాలు పట్టమనే సలహా మరింత ప్రమాదకరం, ఎందుకంటే రెండింటిలోని ప్రొటీన్లు చాలా వరకు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. నూనె విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. బాగా శుద్ధి చేసిన పల్లి నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు, గానుగలో ఆడించిన నూనెలో మాత్రం మిగులుతుంది. ఆరోగ్యానికి మంచిదని ఈ మధ్య చాలా ఇళ్లలో, కొన్ని ప్రైవేటు బడుల్లో గానుగ నూనెకు మారుతున్నారు, మారేటప్పుడు ఈ పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి.

ప్యాకెట్ సరుకు విషయానికొస్తే, 2020 నాటి ఆహార భద్రతా సంస్థ లేబుల్ నిబంధనల ప్రకారం గోధుమ వంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్య జాతి, పల్లీలు, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉంటే ఆ సంగతి ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు కాబట్టి నువ్వులు పడని పిల్లల కోసం పదార్థాల వరుసంతా చదవాలి. బడి గేటు దగ్గర విడిగా అమ్మే పల్లి పట్టీలకు, పుట్టినరోజు నాడు పంచే విడి మిఠాయిలకు ఏ లేబులూ ఉండదు, అందువల్ల ఆ పిల్లలకు అవి వద్దనడమే క్షేమం.

అపోహ: ఒళ్లంతా దద్దుర్లు వస్తేనే అలర్జీ, లేకపోతే అది అజీర్తి.

తీవ్రమైన అలర్జీని అనాఫిలాక్సిస్ అంటాము. ఇది తిన్న కొద్ది నిమిషాల్లో, ఎక్కువ మందిలో రెండు గంటల లోపు మొదలవుతుంది. పెదవులు, కళ్లు ఉబ్బడం, దురద, దద్దుర్లు చాలామందిలో కనిపిస్తాయి గాని, కొందరిలో చర్మం మీద ఏమీ కనిపించకుండానే గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, పదే పదే వాంతులు, కళ్లు తిరగడం, ఒళ్లు చల్లబడి పాలిపోవడం జరుగుతాయి. చిన్న తరగతుల పిల్లలు తమ బాధను సరిగ్గా చెప్పలేరు, "నాలుక మండుతుంది", "గొంతుల ఏదో ఇరికింది" అంటారు, లేదా ఊరికే నీరసంగా ఒక మూల కూర్చుంటారు. అలర్జీ ఉన్నట్టు తెలిసిన బిడ్డ భోజనం తర్వాత అలా మాట్లాడితే నాటకమనుకోకూడదు. ఉబ్బసం కూడా ఉండి, అది అదుపులో లేని పిల్లల్లో ప్రాణాపాయం ఎక్కువ కాబట్టి వారి ఇన్‌హేలర్ మందు ఒక్కరోజు కూడా మానకుండా చూడాలి.

అపోహ: ఏవిల్ ఇంజక్షన్ చేయించినా, సిట్రిజన్ మాత్ర వేసినా తగ్గిపోతుంది, అడ్రినలిన్ గుండెకు ప్రమాదం.

ఈ నమ్మకం ప్రాణాలు తీస్తుంది. ఏవిల్, సిట్రిజన్ వంటి మందులు దురదను, దద్దుర్లను తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతును అవి తెరవలేవు, పడిపోతున్న బీపీని నిలబెట్టలేవు. స్టెరాయిడ్ ఇంజక్షన్ పనిచేయడానికి గంటలు పడుతుంది. ఆ క్షణంలో మొదట ఇవ్వవలసిన మందు అడ్రినలిన్ ఒక్కటే, దాన్ని తొడ మధ్యభాగంలో బయటి వైపున కండరంలోకి ఇవ్వాలి. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, పిల్లల్లో గరిష్ఠంగా 0.3 మిల్లీగ్రాములు. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే మామూలు ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) నుంచి 20 కిలోల బిడ్డకు 0.2 మిల్లీలీటర్లు తీసుకుంటే సరిపోతుంది. ఇంత మోతాదు కండరంలోకి ఇస్తే గుండె దడ, వణుకు, తలనొప్పి కాసేపు ఉండి తగ్గిపోతాయి. అవసరమైన బిడ్డకు ఇవ్వకపోవడంతో పోలిస్తే ఇచ్చినందువల్ల కలిగే హాని చాలా స్వల్పం. ఐదు నిమిషాల తర్వాత కూడా మెరుగు కనిపించకపోతే రెండో మోతాదు ఇవ్వాలి.

ఆలస్యం ఎందుకు చేయకూడదో చెప్పడానికి ఒక లెక్క ఉంది. ఆహార అలర్జీతో చనిపోయినవారి వివరాలను బ్రిటన్‌లో పరిశీలించినప్పుడు, తిన్న తర్వాత శ్వాస లేదా గుండె ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ సమయం సుమారు 30 నిమిషాలుగా తేలింది. నల్లమల అంచున ఉన్న అమ్రాబాద్ మండలంలోని బడి నుంచి గాని, దేవరకొండ అవతలి తండాల నుంచి గాని పెద్ద ఆస్పత్రికి అరగంటలో చేరడం కష్టం. 108కి ఫోన్ చేయాలి, తప్పకుండా చేయాలి, కాని మొదటి మోతాదు బడిలోనే పడాలి.

అంబులెన్స్ వచ్చేలోగా బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టవచ్చు, వాంతులు అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేపి నడిపించడం, బండి మీద ఇద్దరి మధ్య నిటారుగా కూర్చోబెట్టి తీసుకుపోవడం చేయకూడదు, ఎందుకంటే అలా ఒక్కసారిగా లేపినప్పుడు గుండెకు రక్తం చేరక ప్రాణం పోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి.

అపోహ: ఇంజక్షన్ ఇవ్వడం బడి పని కాదు, అది మనవల్ల అయ్యేది కాదు.

ఈ అభ్యంతరం అర్థం చేసుకోదగినదే. ఇతర దేశాల్లో వాడే పెన్ను వంటి ఆటో ఇంజెక్టర్ మన పట్టణాల మందుల దుకాణాల్లో దొరకడం కష్టం, తెప్పించుకుంటే ఖర్చు ఎక్కువ. అందువల్ల మన దగ్గర చాలామందికి ఆంప్యూల్, ఒక మిల్లీలీటరు సిరంజి, సూది ఉన్న చిన్న డబ్బానే ఆధారం. ఆంప్యూల్ పగలగొట్టి మందు లాగడం మొదటిసారి కంగారు పెడుతుంది, ప్రాక్టీసు చేస్తే ఎవరికైనా వస్తుంది. నా దగ్గర శిక్షణ తీసుకున్న ఒక పీఈటీ సారు మొదట డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్‌తో పదే పదే సాధన చేసి, సిరంజి మీద ఆ బిడ్డ మోతాదు గీత దగ్గర ఎర్ర సిరాతో గుర్తు పెట్టించుకున్నారు. అలాంటి గుర్తు ప్రతి డబ్బాలోనూ ఉంటే బాగుంటుంది.

డబ్బాతో పాటు వైద్యుడి సంతకం, తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారం ఉన్న ఒక కాగితం బడిలో ఉండాలి. బిడ్డ ఫొటో, పడని పదార్థాలు, లక్షణాలు, బరువు, మోతాదు, ఎవరు ఇంజక్షన్ ఇవ్వాలి, వారు సెలవులో ఉంటే ఎవరు, 108కి ఫోన్ ఎవరు చేయాలి, ఇంటికి ఎవరు చెప్పాలి అన్నవి తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. దాని ఒక ప్రతిని వంటగది గోడకు అతికించాలి. గురుకులాల్లో స్టాఫ్ నర్స్, దగ్గరలోని ఉపకేంద్రంలో ఏఎన్ఎం ఉంటారు. టీకాలు వేసే ఏఎన్ఎంలకు అడ్రినలిన్ తెలిసిన మందే కాబట్టి శిక్షణకు వారి సాయం అడగవచ్చు.

డబ్బాను హెడ్మాస్టర్ గది బీరువాలో తాళం వేసి ఉంచితే అక్కరకు రాదు. అందరికీ తెలిసిన చోట, పిల్లల చేతికి అందని ఎత్తులో, ఎండ తగలకుండా, 25 డిగ్రీలకు మించని చోట ఉంచాలి. 45 డిగ్రీలు దాటే మన వేసవిలో బస్సులో, బండి డిక్కీలో వదిలేస్తే మందు చెడిపోతుంది. గడువు తేదీని, మందు రంగు మారిందా అన్నదాన్ని నెలకోసారి చూడాలి.

అపోహ: పల్లీల వాసన తగిలినా ప్రాణం పోతుంది, అందుకే ఆ బిడ్డను వేరే గదిలో కూర్చోబెట్టాలి.

పల్లీ వాసన మాత్రాన అనాఫిలాక్సిస్ రాదు. చేపలు, రొయ్యలు ఉడికే ఆవిరి, పిండి దుమ్ము కొందరికి ఇబ్బంది కలిగించవచ్చు, అలాంటి పిల్లలను వంటగదికి దూరంగా ఉంచాలి. చర్మానికి తగిలితే సాధారణంగా తగిలిన చోట దద్దురు వస్తుంది, ఆ చేయి నోట్లోకి పోయినప్పుడే అసలు ప్రమాదం. కాబట్టి బిడ్డను వరండా చివర ఒంటరిగా కూర్చోబెట్టి తినిపించవలసిన అవసరం లేదు, ప్రమాదం లేని తిండి తెచ్చుకున్న స్నేహితులను పక్కన కూర్చోబెడితే సరిపోతుంది. వేరుగా కూర్చోబెట్టిన పిల్లలను తోటివారు ఏడిపిస్తారు, కొందరు పరీక్షించడానికని బలవంతంగా నోట్లో పెడతారు. అది ఆట కాదని, ప్రాణం మీదికి తెస్తుందని తరగతిలో అందరికీ వివరంగా చెప్పాలి.

సద్దుల బతుకమ్మను బడిలో జరిపినప్పుడు ఈ పిల్లల తల్లిదండ్రుల గుండె పీచుపీచుమంటుంది. పల్లి సత్తు, నువ్వుల సత్తు, మలీద ముద్దలు చేతులు మారుతూ ఉంటాయి. ఆ బిడ్డను ఆ రోజు ఇంట్లో ఉంచమని చెప్పే బడులు ఉన్నాయి, అది న్యాయం కాదు. ఆట అయిపోయిన తర్వాత సత్తులను ఇంటికి పొట్లంగా ఇచ్చి పంపవచ్చు, లేదా ఆ బిడ్డకు పడే పెసర సత్తు వంటిది ముందుగా, వేరే గిన్నెలో చేయించవచ్చు. బతుకమ్మ చుట్టూ ఆడడానికి ఆ పాపకు ఏ అడ్డంకీ లేదు.

అపోహ: రక్తపరీక్షలో వచ్చినవన్నీ మానేయాలి.

పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ పదార్థం పడదని అర్థం కాదు. పైన చెప్పిన కర్ణాటక సర్వేలో కూడా రక్తంలో అలర్జీ గుర్తులు కనిపించినవారు చాలామంది, నిజంగా అలర్జీ ఉన్నవారు అతి కొద్దిమంది. పెద్ద జాబితా పట్టుకుని పప్పు, గుడ్డు, పాలు అన్నీ మానిపించిన పిల్లలు బక్కచిక్కిపోయి నా దగ్గరికి వస్తుంటారు. కొద్దికొద్దిగా తినిపిస్తే అలవాటవుతుందని ఇంట్లో ప్రయత్నించడం కూడా అంతే ప్రమాదం. అది నిపుణుల ఆస్పత్రిలో, లెక్క ప్రకారం జరిగే చికిత్స.

అపోహ: ఇంజక్షన్‌తో తేరుకుంటే మళ్లీ తరగతిలో కూర్చోబెట్టవచ్చు.

అడ్రినలిన్‌తో బిడ్డ పది నిమిషాల్లోనే లేచి నవ్వవచ్చు. కొందరిలో కొన్ని గంటల తర్వాత, మళ్లీ ఏమీ తినకుండానే, అవే లక్షణాలు తిరిగి వస్తాయి. అందువల్ల తేరుకున్నా ఆస్పత్రికి తీసుకుపోవాలి, అక్కడ గంటల తరబడి, అలర్జీ తీవ్రంగా వచ్చి ఉంటే రాత్రంతా పరిశీలనలో ఉంచాలి. గురుకులంలో ఉండే బిడ్డ విషయంలో ఆ రాత్రి ఆస్పత్రిలో తోడుగా ఎవరు ఉంటారో, మరునాడు తిరిగి వచ్చాక డార్మిటరీలో పక్క మంచం మీద ఎవరు పడుకుంటారో, వాడిన ఆంప్యూల్ స్థానంలో కొత్తది ఎవరు, ఏ రోజులోగా తెస్తారో కూడా ఆ కాగితంలోనే పేర్లతో రాసి పెట్టాలి.