మామ కడితే మొక్కు, నేను కడితే తలవంపులా?

తిరుపతి

చిరంజీవులైన మనవలకు తాత ఆశీస్సులు.

గంగజాతరలో మీ మామ గంగమ్మకు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి పూలు పెట్టుకుంటే వీధి వీధంతా చేతులెత్తి మొక్కిందనీ, బడి నాటకంలో చిన్నవాడు సత్యభామ వేషం వేస్తానంటే మాత్రం ఇంటికి తలవంపులని మీ నాన్న కోప్పడ్డాడనీ రాశారు. ఎందుకిలా అని అడిగారు.

మన చిత్తూరు వైపు బెల్లం వండేచోట నిలబడి చూశారా? పెనంలో మరిగి పాకానికి వచ్చిన చెరకురసానికి తనదంటూ రూపం ఉండదు. వేడిమీద ఏ అచ్చులో పోస్తే ఆ ఆకారమే వస్తుంది, ఆరిన తరువాత మార్చాలంటే రాయితో కొట్టాలి. మగపిల్లవాడూ అంతే. 'ఏడవకు, నలుగురూ చూస్తున్నారు', 'చేతులకు గాజులు తొడుక్కున్నావా' అన్న మాటలే వాడికి అచ్చు. ఇంటి పరువు పేరుతో అందులో గట్టిపడి, ఆ ఆకారమే తానని నమ్ముతాడు. అయితే గట్టి బెల్లమైనా వానాకాలంలో చెమ్మగిల్లి, అంచులు మెత్తబడి, పక్క ముద్దకు అంటుకుంటుంది. మన ఊరి మగవాళ్లకు జాతర అలాంటి వానాకాలం.

మా నాయన కటువైన మనిషి, ఆయన కంట నీరు మేమెవరమూ చూడలేదు. చిన్నతనంలో నాకు అమ్మవారు పోసి ఒళ్లు తెలియకుండా పడి ఉన్నప్పుడు, బిడ్డ లేచి తిరిగితే మాతంగి వేషం వేస్తానని గంగమ్మకు మొక్కుకున్నాడు. ఆ ఏడు మా అమ్మ తన పెళ్లిచీర తీసి ఆయనకు కట్టి, ముఖానికి పసుపు పూసి, చేతులకు గాజులు తొడిగింది. ఆయనకు ఎన్నడూ ఎదురు మాట్లాడని అమ్మ, కుచ్చిళ్లు సరిచేస్తూ 'కదలకుండా నిలబడండి' అని గట్టిగా అంటే, ఆయన నిలబడ్డాడు. తాతయ్యగుంట గంగమ్మ గుడిదాకా ఒక్కరూ నవ్వలేదు.

కథ మీకు తెలిసిందే. ఆడవాళ్లను వేధించిన పాళెగాడిని వెదుకుతూ గంగమ్మ బైరాగి, బండ, తోటి వేషాలు వేసి, చివరకు దొర వేషంలో అతణ్ణి బయటికి రప్పించి సంహరించింది. మరునాటి మాతంగి వేషం అతని ఇంటి ఆడవాళ్లను ఓదార్చడానికేనని పెద్దలు చెబుతారు. అమ్మవారే దొరగా మారిన ఊరిలో, కైకాల వంశం మగవాళ్లు తరతరాలుగా ఆమె వేషాలు కట్టే ఊరిలో, చీర కడితే మగతనం పోతుందంటే నేను ఒప్పుకోను. సత్యభామగా రంగస్థలాన్ని ఏలిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ ఇచ్చి దేశమే గౌరవించింది.

అలాగని మీ నాన్నను తప్పుపట్టకండి. కొడుకును ఎవరు వెక్కిరిస్తారోనన్న భయమే కోపమై వచ్చింది, ఆ భయం ఆయనకు వాళ్ల నాన్న ఇచ్చినది. మొక్కు అంటే తలవంచే నలుగురే నాటకం అంటే ఎందుకు నవ్వుతారో, వారంపాటు మెత్తబడిన మనిషి మరునాడే ఎందుకు గట్టిపడతాడో, నేను విడమరచి చెప్పడం కన్నా మీరే చూడటం మేలు.

వచ్చే జాతరలో మాతంగి వేషం రోజున గుడి దారిలో నిలబడండి. చీర కట్టినవాళ్లలో మీసం తీసినవాళ్లెవరో, ఉంచుకున్నవాళ్లెవరో చూడండి. ఏ మొక్కు, చీర ఎవరిది, కట్టింది ఎవరు అని తెలిసినవాళ్లను మర్యాదగా అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు నాకు రాయండి.

మీ తాత