తిరుపతిలో ఉండి సముద్ర జీవశాస్త్రమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

జువాలజీ చదివే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తరచూ అడిగే మాటలే ఇవి. సముద్రపు బురదలో బతికే పురుగుల మీద పనిచేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

అపోహ: కొండ కింద ఊళ్లో ఉండి సముద్రం గురించి ఏం చదువుతారు? వైజాగో చెన్నయ్యో పోవాల్సిందే.

వాస్తవం: 2022లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాకు సముద్రతీరం వచ్చింది. సూళ్లూరుపేట పక్కనే పులికాట్ ఉంది. దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు అదే. వానలకు కాళంగి నది నీళ్లొచ్చి ఉప్పు తగ్గుతుంది. ఎండాకాలంలో నీరు ఆవిరై ఉప్పదనం సముద్రాన్నే మించిపోతుంది, ఉత్తరం వైపు చాలా మేర ఎండిపోతుంది. ఇంత మార్పులో ఏ జీవి ఎలా నెట్టుకొస్తోందన్నది పీహెచ్‌డీకి సరిపోయే ప్రశ్న. అందరూ ఫ్లెమింగోల ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. అవి తల వంచి ఏం తింటున్నాయని అడిగేవాళ్లు కావాలి మాకు. అది పక్షుల అభయారణ్యం, కాబట్టి శాంపిల్ తీయాలంటే ముందు డిపార్ట్‌మెంట్ ద్వారా అటవీశాఖ అనుమతి తీసుకోండి.

అసలు అంత దూరం కూడా అక్కర్లేదు. ఆదివారం చేపల మార్కెట్‌కి వెళ్లి ఒక కానాగంత, ఒక వంజరం తల కొనుక్కోండి. కానాగంత నోరు బాగా తెరిస్తే మొప్పల దగ్గర గిల్ రేకర్లు ఈకల్లా పొడవుగా, బారులు తీరి కనిపిస్తాయి. నీళ్లలో తేలే ప్లవకాలను, అంటే మరీ చిన్న జీవులను, వడకట్టుకునేది వాటితోనే. వంజరం నోట్లో అవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి, పళ్లు మాత్రం మహా పదును. రెండూ ఒకే కుటుంబం చేపలే! వాటిని కొలిచి, బొమ్మ గీసి, కానాగంత పొట్టలో ఉన్నది మైక్రోస్కోప్ కింద చూసి రాసుకుంటే మీ ప్రాజెక్ట్ మొదలైనట్టే.

అపోహ: ఈత, డైవింగ్ రాకపోతే కుదరదు.

వాస్తవం: నా పనిలో ఎక్కువ భాగం బల్ల దగ్గరే. బురదను అర మిల్లీమీటరు జల్లెడలో కడిగి, మిగిలినదానికి రోజ్ బెంగాల్ అనే రంగు కలుపుతాం. పురుగులకు గులాబీ రంగు అంటుతుంది, ఇసుకకు అంటదు. ఫోర్సెప్స్‌తో ఒక్కోదాన్నీ ఏరి, ఏ జాతో గుర్తుపట్టాలి. దీనికి ఓపిక కావాలి, స్టాటిస్టిక్స్ కావాలి. పడవ ఎక్కే పని ఉంటే మాత్రం ఈత నేర్చుకోండి, ప్రాణం ముఖ్యం.

అపోహ: డిగ్రీ మీద మెరైన్ బయాలజీ అని ఉండాలి.

వాస్తవం: బీఎస్సీ జువాలజీ చాలు. పీజీకి తమిళనాడులోని పరంగిపేటలో అన్నామలై యూనివర్సిటీ కేంద్రం, అండమాన్‌లోని శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) పాండిచ్చేరి యూనివర్సిటీ క్యాంపస్ ఉన్నాయి.

అపోహ: ఉద్యోగాలు ఉండవు.

వాస్తవం: ఇందులో సగం నిజం. పర్మనెంట్ సైంటిస్టు పోస్టులు తక్కువే, ఆ టెన్షన్ ఉంటుంది. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన హెచ్ఆర్ఏ. రొయ్యల హేచరీల్లోనూ పని ఉంది. చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో మత్స్యకారులకు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లో, అక్కడా సముద్రం లేదు.

అపోహ: బీచ్‌లో దొరికినవన్నీ తెచ్చి సీసాల్లో పెడితే మంచి కలెక్షన్.

వాస్తవం: సముద్ర గుర్రాలు, పగడాలు, సముద్ర దోసకాయలనే జీవులకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, చచ్చినవైనా ముట్టుకోవద్దు. ఫొటో తీసి, తేదీ, చోటు రాసి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెట్టండి.