ఈస్ట్ జన్యువులు, క్రోమాటిన్: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఎమ్మెస్సీ విద్యార్థులకు అణుజీవశాస్త్రం బోధిస్తూ ఈస్ట్‌పై (రొట్టె పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి) పనిచేస్తున్నాను. వైవా పరీక్షల్లో ఏటా వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఈస్ట్ ఏకకణ జీవి గనుక దాని డీఎన్‌ఏకు పెద్దగా చుట్టలుండవు.

వాస్తవం: 16 క్రోమోజోముల్లోని సుమారు 1.2 కోట్ల క్షారజంటలు ఇందులోనూ హిస్టోన్లనే ప్రొటీన్లకే చుట్టుకుని ఉంటాయి; డీఎన్‌ఏ, ప్రొటీన్ల ఈ కలయికే క్రోమాటిన్. ఇలా చుట్టుకున్న ఒక్కో ఉండకు, అంటే న్యూక్లియోజోముకు, 147 జంటలు పడతాయి. కణం గోడను జైమోలియేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించి, న్యూక్లియోజోముల మధ్య డీఎన్‌ఏను కోసే మైక్రోకాకల్ న్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ను కొద్ది నిమిషాలు పనిచేయనిచ్చి, ఆ డీఎన్‌ఏను అగరోజ్ జెల్‌లో నడిపితే సుమారు 165 జంటల తేడాతో నిచ్చెన మెట్లలా బ్యాండ్లు కనిపిస్తాయి.

అపోహ: తగిన క్షారక్రమం ఎక్కడుంటే అక్కడ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (జన్యువును పనిచేయించే లేదా ఆపే ప్రొటీన్) అతుక్కుంటుంది.

వాస్తవం: ఫాస్ఫేట్ కొరత వచ్చినప్పుడు పనిచేసే PHO5 అనే జన్యువునే చూడండి. దాని ప్రమోటర్‌లో (జన్యువు పనిని నియంత్రించే ముందు భాగం) Pho4 అనే ఫ్యాక్టర్ అతుక్కునే రెండు స్థానాలుండగా, ఒకటి న్యూక్లియోజోముల మధ్య బయటికే ఉంటుంది, రెండోది న్యూక్లియోజోము కింద మరుగున పడి ఉంటుంది. ఫాస్ఫేట్ సమృద్ధిగా ఉన్నంతకాలం Pho4కు ఫాస్ఫేట్ గుంపులు తగిలించి కణం దాన్ని కేంద్రకం వెలుపలే ఉంచుతుంది. కొరత రాగానే అది లోపలికి వెళ్లి, పునర్నిర్మాణ సముదాయాల (న్యూక్లియోజోములను కదిలించే ప్రొటీన్ల గుంపుల) సాయంతో నాలుగు న్యూక్లియోజోములను తొలగిస్తుంది. 1988లో మైకేల్ గ్రన్‌స్టీన్ బృందం హిస్టోన్ H4 ఉత్పత్తిని ఆపివేయగా, ఫాస్ఫేట్ ఉన్నా ఈ జన్యువు మేల్కొంది. న్యూక్లియోజోములే అడ్డు అనడానికి ఇంతకన్నా సూటైన ఆధారం నాకు తెలిసి అరుదు.

అపోహ: ఒక ఫ్యాక్టర్ ప్రేరకమో, నిరోధకమో, ఏదో ఒకటే అవుతుంది.

వాస్తవం: Rap1 అనే ఫ్యాక్టర్ రైబోజోమ్ ప్రొటీన్ల జన్యువులను నడిపిస్తుంది, టెలోమియర్ల (క్రోమోజోముల కొసల) వద్ద జన్యువులను మౌనం చేయడంలోనూ పాల్గొంటుంది.

అపోహ: ఫ్యాక్టర్ అతుక్కుంటే జన్యువు పనిచేస్తున్నట్టే.

వాస్తవం: రాఫినోజ్ అనే చక్కెరలో పెరిగే కణాల్లో, గెలాక్టోజ్ జన్యువులను నడిపే Gal4 ఫ్యాక్టర్ తన స్థానంలోనే కూర్చుని ఉంటుంది, కానీ Gal80 అనే ప్రొటీన్ దాన్ని కప్పి ఉంచుతుంది. గెలాక్టోజ్ కలిపితే Gal3 అనే ప్రొటీన్ ఆ అడ్డును తొలగిస్తుంది, ఆపై SAGA అనే ప్రొటీన్ల సముదాయం అక్కడికి చేరి ట్రాన్స్‌క్రిప్షన్‌కు దారి తీస్తుంది. గ్లూకోజ్‌లో మాత్రం Mig1 అనే ప్రొటీన్ ఈ జన్యువులను నిరోధిస్తుంది, Gal4 మోతాదూ తగ్గుతుంది. అందుకే గ్లూకోజ్ నుంచి నేరుగా గెలాక్టోజ్‌కు మార్చిన కల్చర్‌లో స్పందన గంటల తరబడి ఆలస్యమవుతుంది. ముందుగా రాఫినోజ్‌లో పెంచమని చెప్పేది ఈ కారణంగానే.

మన ఊరి వేసవిలో ఇంకో జాగ్రత్త అవసరం. 30 డిగ్రీల వద్ద పెంచిన కణాలను 40 డిగ్రీల గదిలో బల్లమీద ఉంచితే Hsf1 అనే ఫ్యాక్టర్ కదిలి, ఉష్ణాఘాత జన్యువుల (వేడికి స్పందించే జన్యువుల) వద్ద న్యూక్లియోజోములు చెదిరిపోతాయి. ఆ నమూనాలో కనిపించే మార్పును గెలాక్టోజ్ ప్రభావంగా రాసుకోకూడదు.